తలుపు చాటు జోయమ్మ

విజయవాడ సత్యనారాయణపురంలో కుళాయికి నీళ్ళు వచ్చే చప్పుడుతోనే ఇళ్ళు నిద్రలేస్తాయి. రమాసుందరి మాత్రం ఆ చప్పుడు కంటే ముందే లేస్తుంది. బిందెలు పట్టి, పాలు పొయ్యి మీద పెట్టి, డికాక్షన్ ఎంత దిగిందో చూసుకుని, అప్పుడు గాని మొగుణ్ణి లేపదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. ఆ ఇంట్లో కాఫీ గ్లాసులు రెండు. కూతురు సంయుక్త విశాఖపట్నంలో చదువుకుంటోంది కాబట్టి, అది సెలవులకి వస్తే మూడు.

మహాలయ అమావాస్య నుంచి మాత్రం రోజూ మూడే. మూడో గ్లాసు జోయమ్మది.

జోయమ్మ పోయి దాదాపు ఆరు వందల ఏళ్ళయింది. అసలు పేరు జోయి. కాన్‌స్టాంటినోపుల్ మహానగరం తురుష్కుల చేతికి చిక్కబోయే రోజుల్లో అక్కడ బతికిన ఒక గొప్పింటి ఆడపడుచు. రాణీ కాదు, రాకుమారీ కాదు. ఫలానా దొరగారి భార్య అని ఒక చోట, ఫలానా దొరగారి వదిన అని ఇంకో చోట పాత రాతల్లో ఆమె పేరు తగులుతుంది, అంతే. ఎవరి కూతురో ఎవరికీ తెలియదు. అలాంటి మనిషి మీద అచ్యుతరామారావు పదహారేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆయన డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. యూనివర్సిటీ వాళ్ళు గడువు మీద గడువు ఇచ్చి, ఇక ఈ మార్చి నెలాఖరే ఆఖరు అని తేల్చేశారు. జోయి తల్లెవరో తేలితే చిక్కుముడి మొత్తం విడిపోతుందని ఆయన పదహారేళ్ళుగా అంటూనే ఉన్నాడు.

ఇక ఆమె ఇంటికి వచ్చిన వైనం. రమాసుందరి తల్లి పోయి రెండేళ్ళు. ఆవిడకి మగపిల్లలు లేరు. మొదటి ఏడాది మహాలయ అమావాస్యకి అచ్యుతరామారావు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాడు. ఈ ఏడు రమాసుందరి పట్టుబట్టింది. "మా అమ్మకి మీరు తప్ప నీళ్ళు వదిలేవాళ్ళు ఎవరున్నారండీ?" అని పొద్దున్నే దుర్గా ఘాట్‌కి తరిమింది. వెళ్ళినాయన తడి పంచెతో ఆటో దిగి మెట్లెక్కుతుంటే, వెనకాల నాలుగు మెట్ల దూరంలో ఒకావిడ వస్తోంది. నేరేడు పండు రంగు బరువైన అంగీ, తల మీద తెల్లటి ముసుగు, కాళ్ళకి తడిసిన తోలు చెప్పులు. వాచ్‌మన్ జక్కయ్య, "జాగర్తమ్మా, అక్కడ పాచి ఉంది" అని అంగీ అంచు బురదలో పడకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

అచ్యుతరామారావు గుమ్మంలో వెనక్కి తిరిగి చూసి, "జోయి!" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఉన్న మెత్తదనం రమాసుందరి పెళ్ళయిన కొత్తలో కూడా వినలేదు. కడుపులో భగ్గుమన్న మంట ఇక ఆరలేదు.

జోయమ్మ ఆ పూట గారెలూ పరమాన్నమూ అడిగి అడిగి వేయించుకుంది. తినే ముందు నుదుటి మీదా భుజాల మీదా శిలువ గుర్తు వేసుకుంది. పై అంతస్తులో ఉండే స్టాఫ్ నర్సు స్టెల్లా, పిండి జల్లెడ కోసం వచ్చి అది చూసింది. "ఈవిడ మాకు తిరగేసి వేసుకుంటుందేంటక్కా, కుడి భుజం ముందు! ఏ ఊరోళ్ళు?" అంది. కాన్‌స్టాంటినోపుల్ అని తెలిశాక, "అవునా, దూరమే" అని జల్లెడ పట్టుకుని వెళ్ళిపోయింది. శనివారం శనివారం జోయమ్మని గుణదల చర్చి కొండకి తీసుకెళ్ళే పని కూడా పెట్టుకుంది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చి, "ఒక మనిషి పెరిగారు కదండీ, నీళ్ళు కాస్త చూసి వాడుకోండి" అని చెప్పి పోయాడు. సంయుక్త ఫోన్లో, "నాన్న ఆ టాపిక్ మాట్లాడుకోడానికి ఇంకో మనిషి దొరికింది, నీకు రెస్టే కదమ్మా" అంది.

రెస్టెక్కడిది! ఇంట్లో అందరికీ అన్నీ మామూలే, రమాసుందరికి తప్ప.

అచ్యుతరామారావు అంజూర పళ్ళు తెచ్చాడు. ఆలివ్ నూనె సీసా తెచ్చాడు. "అక్కడివాళ్ళకి వేరుశెనగ నూనె పడదేమో రమా" అన్నాడు. మూర మల్లెపూలు తెమ్మంటే ఏళ్ళ తరబడి బజారు దూరమైన మనిషికి, ఆలివ్ నూనె కోసం బీసెంట్ రోడ్డు మొత్తం తిరగడానికి కాళ్ళు వచ్చాయి. అన్నం దగ్గర కూర్చుంటే జోయి ఆడబిడ్డ, జోయి మరిది, జోయి మరిది మామగారు. మూడు తరాల చుట్టరికాలు కళ్ళు మూసుకుని చెప్పేవాడు. రమాసుందరి లెక్కల టీచరు. పుట్టిన దగ్గర్నుంచీ ఎడమచేతి వాటం, బోర్డు మీద ఎడమ చేత్తోనే రాస్తుంది. చిన్నప్పుడు తల్లి, 'ఆ పోలికే రావాలా నీకు' అని తిట్టేది, ఎవరి పోలికో చెప్పేది కాదు. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన మొగుడికి తను ఏ చేత్తో అన్నం వడ్డిస్తోందో తెలుసా అని ఒకరోజు అడగబోయి మానేసింది. తెలియదంటే తట్టుకోవద్దూ!

అన్నిటికంటే కారం రాసింది జోయమ్మ వాలకం. అచ్యుతరామారావు హాల్లోకి వచ్చాడంటే చాలు, ఆమె కుర్చీలోంచి దిగ్గున లేచి, ముసుగు ముందుకి లాక్కుని తలుపు చాటుకి పోయేది. ఆయన ఎదుట ఒక్కనాడు కూర్చోలేదు, ఆయన మొహంలోకి ఒక్కసారి చూడలేదు, ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు చాటు నుంచి మెల్లిగా రమాసుందరిని అడిగేది: "ఆయన తిన్నారా అమ్మాయ్?"

ఆయన! మొగుణ్ణి పెళ్ళాం అనాల్సిన మాట అది. పైగా యాభై రెండేళ్ళ మనిషిని పట్టుకుని అమ్మాయ్! ఆ సిగ్గేమిటి, ఆ చాటేమిటి, కొత్త పెళ్ళికూతురు కూడా ఇంత ఒదిగిపోదు. పచ్చకామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనబడుతుందన్నట్టు, అసూయ పట్టిన రమాసుందరికి ఆ తలుపు చాటున సరసమే కనబడింది. ఆమె తెలుగు కూడా అచ్చం చల్లపల్లి తెలుగు. తన పుట్టింటి మాట. ఆ సంగతీ చెవిన పడుతూనే ఉంది గాని బుర్రకి ఎక్కలేదు.

అచ్యుతరామారావు అవస్థ మరొకటి. పదహారేళ్ళు వెతికిన మనిషి తన ఇంట్లోనే కంది పప్పు ఏరుతోంది. ఒక్క ప్రశ్న అడగడానికి లేదు.

"రమా, ఒక్క సాయం చెయ్యవా? వాళ్ళమ్మ పేరేమిటో అడిగి పెట్టు."

"మీరే అడగండి. మీ కోసమేగా వచ్చింది."

"నేను వెళ్తే లోపలికి పోతోంది కదే!"

"అయితే లోపలికే వెళ్ళి అడగండి" అంది రమాసుందరి, గిన్నె ఠంగుమని పెట్టి. ఆయన వారం రోజులు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

సంక్రాంతి సెలవులైపోయాక ఒక ఆదివారం ఆయన సెమినారని గుంటూరు వెళ్ళాడు. రమాసుందరి తలంటు పోసుకోబోతూ నూనె గిన్నె తెచ్చుకుని వెనక వరండాలో కూర్చుంది. జోయమ్మ వచ్చి, ఏమీ అనకుండా గిన్నె తీసుకుని, స్టూలు మీద ఆమె వెనకాల కూర్చుంది. వద్దందామనుకుంది రమాసుందరి. మాడు మీద వేళ్ళు పడగానే తల దానంతటదే వెనక్కి వాలింది. అమ్మ పోయాక తన తల మీద ఎవరి చెయ్యీ పడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సవతి లాంటి మనిషి చేత తలకి నూనె రాయించుకుంటూ ఏడుస్తున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ మంట దాచుకోవడానికే ఏదో ఒకటి అడిగింది. "మీ అమ్మగారి పేరేమిటండీ?"

వేళ్ళు కాసేపు ఆగాయి. "ఇరీని" అంది జోయమ్మ. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నా మొగుడెవరని అడిగారు, మరిది ఎవరని అడిగారు. ఇరీని కూతురివా అని అడిగినవాళ్ళు లేరు." ఒక పాయ విడదీసి చిక్కు తీసింది. "మీ అమ్మమ్మ పేరేమిటి అమ్మాయ్?"

రమాసుందరి నోరు తెరిచింది. అమ్మమ్మ. ఎప్పుడూ అమ్మమ్మ అనే పిలిచింది. తను ఐదో తరగతిలో ఉండగానే ఆవిడ పోయింది. పేరు ఎప్పుడైనా విన్నదా? ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"తెలియదు" అంది. ఆ తెలియకపోవడానికి కారణం కూడా జోయమ్మే అన్నంత కోపంతో.

ఇరీని అన్న పేరు మాత్రం కొంగున ముడేసుకుంది. సాయంత్రం మొగుడు తిరిగొచ్చి, గడువు దగ్గర పడిందని తల పట్టుకుంటే, ముడి తడుముకుంటూ ఊరుకుంది. అలా ఊరుకోవడంలో ఎంత సుఖముందో ఆ రాత్రి అన్నం సహించినప్పుడు తెలిసింది.

ఫిబ్రవరిలో ప్రమోషన్ల జాబితా వచ్చింది. రమాసుందరికి హెడ్‌మిస్ట్రెస్ హోదా. ఖాళీలు హనుమాన్ జంక్షన్‌లో ఒకటి, చల్లపల్లిలో ఒకటి, విజయవాడలో లేదు. వద్దనుకుంటే ఉన్న చోటే టీచరుగా ఉండిపోవచ్చు. భోజనాల దగ్గర చెప్పింది. "నాకు ప్రమోషన్ వచ్చిందండీ. చల్లపల్లి ఇస్తారట. వెళ్ళనా, మాననా?"

"ఊఁ" అన్నాడు ఆయన పచ్చడి కలుపుకుంటూ. "జోయి మరిదికీ ఇదే సమస్య. రాజధానిలో ఉండాలా, దీవికి పోవాలా అని. చివరికి దీవికే పోయాడు."

రమాసుందరి మజ్జిగ పోయకుండానే లేచిపోయింది.

మర్నాడు రైతుబజార్లో దొండకాయలు ఏరుకుంటుంటే దత్తాత్రేయ శాస్త్రిగారు కనబడ్డారు. ఘాట్‌లో తర్పణాలు వదిలించేది ఆయనే. సంచీ కింద పెట్టి పలకరించారు. "ఏమ్మా, కులాసానా? ఎప్పట్నుంచో ఒకటి అడుగుదామనుకుంటున్నానమ్మా. మీ అమ్మగారిది ఏ ప్రాంతం?"

"చల్లపల్లండీ."

"చల్లపల్లిలోనే పుట్టారా? మరి ఆ పేరేమిటమ్మా చిత్రంగా! నేను ఇన్నేళ్ళుగా వదిలిస్తున్నాను గాని, జోయి అన్న పేరు ఎప్పుడూ వినలేదు."

దొండకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఎవరు చెప్పారండీ ఆ పేరు?"

"సారే కదమ్మా. అత్తగారి పేరు చెప్పండీ అన్నాను. కాస్త ఆలోచించి, జోయి అన్నారు. గోత్రం మాత్రం సరిగ్గా మీ నాన్నగారిదే చెప్పారు. సరే, పిలుచుకునే పేరేమో అనుకుని అదే చెప్పించి నీళ్ళు వదిలించాను."

రమాసుందరికి రైతుబజారు రొద వినబడడం మానేసింది. తలుపు చాటు. ముసుగు. ఎదుట కూర్చోకపోవడం, మొహం చూడకపోవడం, 'ఆయన తిన్నారా అమ్మాయ్' అని గోడని అడిగినట్టు అడగడం. తన తల్లి భద్రమ్మ ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా అల్లుడి ముందు ఎక్కడ నిలబడింది? ఆ తలుపు చాటునే. అల్లుడి ఎదుట కూర్చుంటే అగౌరవమని, ఆ పాతకాలపు మనిషి కాళ్ళు పీకుతున్నా గంటలు గంటలు అక్కడే నిలబడేది. జోయమ్మ పెళ్ళికూతురిలా సిగ్గుపడలేదు. అత్తగారిలా మర్యాద పాటించింది. అత్తగారు అని పిలిచి నీళ్ళు పోశారు, అత్తగారై వచ్చింది. పిలుపూ పేరూ సరిపోయినవాళ్ళు ఎక్కడున్నా అక్కడే అందుకుంటారు. ఇలా తప్పు పిలుపుకి లేచినవాళ్ళే గుమ్మం దాకా వస్తారు కాబోలు.

అంటే సరసం లేదు. హమ్మయ్య అనుకోవాలి. కాని అనుకోలేకపోయింది, ఎందుకంటే దాని వెనకే అంతకంటే పెద్ద మంట లేచింది. తన తల్లికి ఉన్న ఒకే ఒక్క దోసిలి నీళ్ళు ఆవిడ తాగేసింది.

ఇంటికి వచ్చి సంచీ కింద పెట్టకుండానే అడిగింది. "మా అమ్మ పేరేమిటండీ?"

అచ్యుతరామారావు పుస్తకంలోంచి తలెత్తాడు. "అత్తయ్యగారు..."

"అది వరస. పేరు చెప్పండి."

ఆయన పెదవులు కదిలాయి. పెళ్ళి నాడు విన్న పేరు, పెద్దకర్మ కార్డు మీద చూసిన పేరు. చల్లపల్లి అత్తయ్యగారు, చల్లపల్లి అత్తయ్యగారు అంటూ పాతికేళ్ళు అరగదీసి చివరికి పేరు పారేసుకున్నాడు. మొహం పాలిపోయింది. అబద్ధం మాత్రం ఆడలేదు.

"ఆ రోజు నోటికి రాలేదు రమా. శాస్త్రిగారు తొందరపెడుతున్నారు, వెనకాల వరసలో జనం. నోటికి వచ్చిన పేరు చెప్పేశాను."

"నోట్లో ఎవరుంటే వాళ్ళకే నీళ్ళు. మా అమ్మ రెండేళ్ళుగా దాహంతో ఉంది, మీరేమో ఆవిడకి ఆలివ్ నూనె తెస్తున్నారు! రేపు నేను పోతే నా పేరైనా వస్తుందా మీ నోటికి, లేక అప్పుడూ జోయే వస్తుందా?"

తలుపు చాటున తెల్ల ముసుగు అంచు కదిలింది.

ఆ వారమే రమాసుందరి చల్లపల్లి కోరుకుంది. పెట్టె సర్దుకుని ఆటో పిలిస్తే, జోయమ్మ అంగీ కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఆమె కంటే ముందు ఎక్కి కూర్చుంది.

"మీరెక్కడికి?" అంది రమాసుందరి కరుకుగా. "ఉండండి ఆయన దగ్గరే. మీకేం తక్కువ ఇక్కడ?"

"బాగుంది! కూతురు లేని ఇంట్లో అల్లుడి దగ్గర అత్తగారు ఉంటుందా ఎక్కడైనా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది జోయమ్మ.

అచ్యుతరామారావు గుమ్మంలో నిలబడి చూశాడు. ఒకే ఆటోలో ఇద్దరూ పోతున్నారు. ఆయన మొహంలో కనబడినది ఏమిటో రమాసుందరి ఇట్టే గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ అద్దంలో తను చూసుకున్న మొహమే అది. మనసు చల్లబడింది. పాపం అనిపించాలని తర్వాత అనుకుంది గాని, అప్పటికి ఉయ్యూరు కూడా దాటేశారు.

చల్లపల్లిలో తననెవరూ ఎరగని కొత్త కాలనీలో రెండు గదుల వాటా. వీధివాళ్ళు చూసి, హెడ్‌మిస్ట్రెస్ గారు తల్లిని వెంటబెట్టుకు వచ్చారనుకున్నారు. ఆ బరువు అంగీతో ఎండకి ఆగలేదని రమాసుందరి తన తల్లి చీరలు రెండు తీసి ఇచ్చింది. ఇచ్చాక, ఆ చీరలో ఆ మనిషిని చూసినప్పుడల్లా లోపల చివుక్కుమనేది. అమ్మ చీరలో అమ్మ కాని మనిషి. స్కూలు నుంచి రాగానే ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చే ఆ చెయ్యి లేకపోతే పొద్దు గడవదు, ఉంటేనేమో అమ్మని పక్కకి తోసి ఆ చోట కూర్చున్నట్టుంటుంది. ఇంత చిక్కు లెక్క ఆమె ఏ క్లాసులోనూ చెప్పలేదు.

అచ్యుతరామారావు ఫోన్ చేసేవాడు. "ఎలా ఉన్నావు?" అన్న రెండో మాటకే, "జోయి ఏం చేస్తోంది?"

"ఆవిడ మీ అత్తగారు. గారు అని చేర్చండి" అని పెట్టేసేది.

మార్చి నెలాఖరు వచ్చింది, పోయింది. ఆ తర్వాత ఫోన్లు కూడా తగ్గాయి. ఏప్రిల్‌కి పూర్తిగా ఆగిపోయాయి. చేస్తే విసుక్కునే మనిషికి చెయ్యకపోతే కాలు నిలవలేదు. చివరికి స్టెల్లాకి ఫోన్ చేసింది, తన పిండి జల్లెడ సంగతి అడిగే వంకతో.

"సారు బానే ఉన్నారక్కా. సెలవు పెట్టి రోజూ పొద్దున్నే సంచీ తగిలించుకుని ఎటో పోతున్నారు. మొన్న హనుమాన్ జంక్షన్ బస్సెక్కుతుంటే మా తమ్ముడు చూశాడంట." స్టెల్లా గొంతు తగ్గించింది. "చెప్పొచ్చో లేదో గాని అక్కా, మెట్ల మీద ఫోన్లో ఒకటే అడుగుతున్నారు. రామతులసి గారు ఎక్కడుండేవారు, రామతులసి గారు ఎలా ఉండేవారు అని. ఎవరక్కా ఈ రామతులసి?"

రమాసుందరి ఫోన్ ఠక్కున పెట్టేసింది. ఒక జోయి చాలదన్నట్టు రామతులసి! జోయైనా నయం, ఆరు వందల ఏళ్ళ నాటి మనిషి. ఈవిడెవరో హనుమాన్ జంక్షన్‌లో బస్సందే దూరంలో ఉంది. ఆ వారమంతా స్కూల్లో పిల్లలు ఆమెను చూసి దడుచుకున్నారు. జోయమ్మ కూరలో ఉప్పు మరిచిపోతే ఆమె మీదా ఎగిరింది. జోయమ్మ నవ్వి ఊరుకుంది.

వైశాఖ అమావాస్య పొద్దున రమాసుందరి గుమ్మం ముందు ముగ్గు పెడుతోంది. గేటు చప్పుడైంది. అచ్యుతరామారావు. నల్లబడ్డాడు, చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి, చేతిలో మల్లెపూల పొట్లం. లోపల తలుపు చాటున గాజులు గలగలమన్నాయి.

రమాసుందరి ముగ్గు గిన్నె పట్టుకునే లేచింది. కొత్తవాళ్ళు ఇంటికొస్తే ఊళ్ళో అడిగే మాటే అడిగింది, మొహం గంటు పెట్టుకుని. "ఎవరండీ? ఎవరి తాలూకు?"

ఆయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. పరీక్షలో నిలబెట్టిన పిల్లాడిలా గొంతు సవరించుకున్నాడు.

"రామతులసి గారి కూతురు భద్రమ్మ గారు. భద్రమ్మ గారి కూతురు రమాసుందరి. నేను ఆవిడ తాలూకు."

రమాసుందరి ముగ్గు గిన్నె కింద పెట్టేసింది. "రామతులసి ఎవరు?"

"మీ అమ్మమ్మ రమా."

చెప్పుకొచ్చాడు, గేటు దగ్గరే నిలబడి. భద్రమ్మ పేరు ఆ సాయంత్రమే గుర్తొచ్చిందట, సిగ్గుతో చెప్పలేకపోయాడట. ఒక్క పేరు తెచ్చుకుని గుమ్మంలో నిలబడడానికి మొహం చెల్లక, అక్కడ్నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోయాడు. పెడన నేతవాళ్ళ వీధులు, ఘంటసాల, చివరికి హనుమాన్ జంక్షన్‌లో మంచం పట్టిన ఒక ముసలావిడ. రామతులసి చెల్లెలి కూతురు. రామతులసి కాలవ ఈదేదని ఆవిడ చెప్పింది. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడేది కాదని చెప్పింది.

"ఇంకా ఒకటి చెప్పిందే. ముగ్గు ఎడమ చేత్తో వేసేదట. వీధి వీధంతా అపశకునమని తిట్టినా చెయ్యి మార్చలేదట." ఆయన ఆమె ఎడమ చేతి వేళ్ళకంటిన ముగ్గు పిండి వైపు చూశాడు. "నీది ఆవిడ పోలిక."

రమాసుందరికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే పూల పొట్లం లాక్కుంది. "నీళ్ళు వదలడానికి వచ్చారా, కథలు చెప్పడానికా? పొద్దెక్కుతోంది, పదండి" అంది.

పెదకళ్ళేపల్లి రేవులో జనం పలచగా ఉన్నారు. అయ్యవారు ఒకరు దొరికారు. అచ్యుతరామారావు మొలలోతు నీళ్ళలో నిలబడి, అత్తగారి పేరు అడగకుండానే చెప్పాడు, భద్రమ్మ అని. దోసిలి లోంచి నువ్వులూ నీళ్ళూ జారి కృష్ణలో పడ్డాయి. ఒడ్డున నిలబడ్డ రమాసుందరికి ఎండిన గొంతు తడిసినట్టయింది. తర్వాత రామతులసి. తర్వాత ఆయన ఆగి, వెనక్కి తిరిగి, భార్య వైపు చూశాడు.

"జోయి గారికి?"

"ఎవరండీ ఆవిడ? ఏమవుతారు?" అన్నారు అయ్యవారు. ఆయన తటపటాయించడం చూసి, "ఎవరూ లేనివాళ్ళయితే బాధ లేదు. తల్లీ తండ్రీ బంధువులూ లేనివాళ్ళందరికీ కలిపి చివర్లో ఒక దోసిలి ఉంది. అందులో వెళ్ళిపోతారు" అన్నారు.

రమాసుందరికి అర్థమైంది. ఊఁ అంటే చాలు. అందరితో కలిపి ఒక దోసిలి పడుతుంది, ఇంటికి వెళ్ళేసరికి తలుపు చాటు ఖాళీగా ఉంటుంది. ఇన్ని నెలలుగా కోరుకున్నది అదే. పోనీ, అమ్మ అని చెబితే? అప్పుడూ బాగానే ఉంటుంది. ఆమె ఎప్పటికీ తనకే ఉంటుంది, ఆయనకి ముసుగు అంచు తప్ప దక్కదు. ఈ రెండో ఆలోచన కాసేపు నోరూరించింది కూడా. అప్పుడు తలలో వేళ్ళు ఆగిన చోటు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు అన్న మాట గుర్తొచ్చింది.

"ఎవరూ లేకపోవడమేమిటండీ?" అంది గట్టిగా. "ఇరీని గారి కూతురు జోయి. నాకు అక్క."

నీళ్ళలో అచ్యుతరామారావు దోసిలి బిగుసుకుపోయింది. పదహారేళ్ళు వెతికిన పేరు.

"ఏ గోత్రమమ్మా?"

"తెలియదండీ."

"తెలియకపోతే కాశ్యపం. కానివ్వండి" అన్నారు అయ్యవారు.

తిరుగు ఆటోలో ఆయన మెల్లిగా అడిగాడు. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మీకు మా అమ్మ పేరు తెలియనప్పటి నుంచి" అంది రమాసుందరి. ఆయన తల వంచుకున్నాడు. గడువు పోయిన పీహెచ్‌డీ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఇంటి దగ్గర తలుపు బార్లా తీసి ఉంది. దాని చాటున ఎవరూ లేరు. రమాసుందరి చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది.

జోయమ్మ ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ముసుగు లేదు. అక్కడక్కడ నెరిసిన రాగి రంగు జుట్టు విరబోసుకుని, కాళ్ళు బారజాపుకుంది. అచ్యుతరామారావు గుమ్మంలోకి వచ్చినా లేవలేదు. మొదటిసారి ఆయన మొహంలోకి తేరిపార చూసి నవ్వింది.

"ఏం మరిదీ! ఇన్నాళ్ళూ అత్తగారిని చేసి ఆ తలుపు వెనకాల నిలబెట్టావు. కాళ్ళు పీకేశాయనుకో. రా, కూర్చో. ఏదో అడగాలని తిరుగుతున్నావుగా ఎప్పట్నుంచో, అడుగు."

"వదినగారూ..." అన్నాడు ఆయన. జోయమ్మ ఎదుటి కుర్చీలో చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. ఆ మొహంలో వెలుగు చూడగానే రమాసుందరి కడుపులో పాత మంట ఒక్కసారి చురుక్కుమంది. అక్క అయితేనేం, చురుక్కుమనకుండా ఉంటుందా?

మల్లెపూలు తల్లో పెట్టుకుని, వంటింట్లోంచి ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి, వాళ్ళిద్దరి మధ్యా వేసుకుని కూర్చుంది.

"ఊఁ, ఇప్పుడు అడగండి" అంది.